మట్టితో లోపలికి రావద్దు

నా సర్వీసులో రెండుసార్లు కడగడం వల్ల చెడగొట్టాను. మొదటిసారి నాకు చదువు రాక. రెండోసారి చదువు వచ్చి. మొదటిదానికి కడుపునిండా తిట్లు తిన్నాను, అక్కడితో సరిపోయింది. రెండోదానికి నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అందుకే అది ఇంకా లోపల మండుతూనే ఉంది. ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. నలభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి, నా రాత కుదురుగా ఉండదు. రాత వదిలేసి విషయం చూడండి.

రాజమండ్రికి కాస్త దూరంలో, పూలమొక్కల నర్సరీల మధ్య ఉండేది మా ల్యాబు. మొక్కకి తెగులొస్తే పట్టుకొస్తారు. ఏ బూజు వల్ల వచ్చిందో తేల్చి, దాని పేరు కాయితం మీద రాసివ్వడం మా పని. మా పని అంటే సార్ల పని. నా పని దుంపలు ఉడకబెట్టడం. వేళాకోళం కాదు. బంగాళాదుంపలు కోసి ఉడికించి, ఆ నీళ్ళు వడకట్టి, పంచదార వేసి, సముద్రపు నాచు పొడి కలిపి, పెద్ద కుక్కరు లాంటి మిషన్లో ఆవిరి పట్టి, గాజు పళ్ళాల్లో పోస్తే జున్నులా గడ్డ కడుతుంది. దాని మీద జబ్బు మొక్క ముక్క పెడితే, లోపలున్న బూజు నాలుగైదు రోజుల్లో మేతకి బయటికొస్తుంది. దాన్ని మైక్రోస్కోపు కింద చూసి పేరు చెబుతారు. "ఇంట్లో ఏనాడూ పొయ్యి దగ్గరికి రారు, బూజుకి మాత్రం రోజూ వండి పెడతారు" అనేది మా ఆవిడ.

చేరిన కొత్తలో సీసాల్ని నేను బిరడా రంగుని బట్టి గుర్తుపట్టేవాణ్ణి. ఎర్ర బిరడా స్పిరిటు, మెడ వంకరది బ్లీచింగు నీళ్ళు. చాలా ఏళ్ళు ఎవరికీ అనుమానం రాకుండా నెగ్గుకొచ్చాను. ఒక శనివారం, వాసన కొడుతున్న గాజు పళ్ళేలు ఒక ర్యాకు నిండా కనపడితే, పనిమంతుణ్ణి కదా, అన్నీ సబ్బు పెట్టి కడిగి బోర్లించాను. ఒక్కోదాని మీద చీటీ అంటించి ఉంది. అది పీకడానికే ఎక్కువ సేపు పట్టింది. సోమవారం అప్పటి పెద్ద సారు, ముసలాయన, ఇప్పుడు లేరు, నన్ను పిలిచారు.

"ఆ చీటీల మీద ఏం రాసుందో చూశావా?"

"చూశానండి."

"మరి?"

"చూడ్డం వచ్చండి. చదవడం రాదు."

ఆ చీటీల మీద పారవేయరాదు అని ఉందట. ఎవరో స్టూడెంటు ఆరు నెలల చాకిరీ. ముసలాయన తిట్టినన్ని తిట్లు తిట్టి, ఆ మధ్యాహ్నమే నన్ను టైపిస్టుగారికి అప్పజెప్పారు. ఆవిడ భోజనాల వేళ నా చేత అక్షరాలు దిద్దించేది. ఆ రోజు పాఠం రాకపోతే మజ్జిగ పొయ్యనిచ్చేది కాదు. ఎండాకాలం వచ్చేసరికి గుణింతాలు పూర్తి చేశాను. మజ్జిగ లేకుండా అన్నం దిగని మనిషిని మరి.

చదవడం వచ్చాక మనిషికి రాయాలని కూడా దురద పుడుతుంది. నేను పదిమంది చదవాలని రాసిన మొదటి రాత ఒక బోర్డు. వానాకాలం రైతులు బురద కాళ్ళతో, బురద మొక్కలతో వచ్చేవారు. తుడిచిన నేల నేనే మళ్ళీ తుడవాలి. ఒక చెక్క తీసుకుని తెల్ల రంగు వేసి, దాని మీద నీలం ఎనామిల్‌తో ఇలా రాశాను.

మట్టితో లోపలికి రావద్దు. కాళ్ళు, మొక్కలు కడిగి తేవలెను.

"కాళ్ళు తేవడమేంటయ్యా" అని టైపిస్టుగారు నవ్వింది. నవ్వితే నవ్వింది, అక్షరాలు మాత్రం అరచెయ్యంత ఉన్నాయి, రోడ్డు మీదికి కనపడేవి. గుమ్మం పక్కన కుళాయి కూడా నేనే అడిగి వేయించాను. కడిగిన నీళ్ళు చిన్న కాలవలోంచి గేటు పక్కనున్న పూలమడిలోకి పోయేవి. ఆ బోర్డు ఎన్నో ఏళ్ళు ఉంది. రోజూ పొద్దున్నే గుడ్డపెట్టి తుడిచేవాణ్ణి. ముసలి సారు మాత్రం వెళ్ళిపోయేదాకా దాన్ని చూసి గొణిగేవారు. "మట్టి కూడా మొక్కలో భాగమేనయ్యా" అనేవారు. నేల తుడిచేది ఆయన కాదు కదా అనుకునేవాణ్ణి.

ఇక అసలు సంగతి. నేను రిటైరవడానికి కొద్ది ఏళ్ళ ముందు ఒక వానాకాలం, కనకాంబరాల ఆవిడ వచ్చింది. కడియం అవతల లంక పక్కన అర ఎకరంలో కనకాంబరం వేస్తుంది. మామూలు కనకాంబరం కాదు. మంచి రంగు, రెండు మూడు రోజులైనా వాడని పువ్వు, కాని విత్తనం కట్టదు. కొమ్మ కత్తిరించి నాటితేనే మొక్క. వాళ్ళ అత్తగారి నాటి నుంచీ కొమ్మ మీద కొమ్మ పెట్టి కాపాడుకొచ్చిన రకం. చుట్టుపక్కల నర్సరీలవాళ్ళు కూడా ఆవిడ దగ్గరే కొమ్మలు కొనుక్కునేవారు. ఆ చేను పోతే ఆ రకమే పోతుంది. ఇది గుర్తు పెట్టుకోండి.

మొక్కలు నిలబడ్డవి నిలబడ్డట్టే వాడిపోతున్నాయని కోడల్ని వెంటబెట్టుకుని రెండు మొక్కలు పీక్కొచ్చింది. నా బోర్డు కింద నిలబడి, కుళాయి తిప్పి, చంటిపిల్లకి తలంటినట్టు ఆ వేళ్ళని రుద్ది రుద్ది కడిగింది. తడిగుడ్డలో చుట్టి లోపలికి తెచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడ కూర్చున్న మిగతా రైతులతో, "చూశారా, తెస్తే అలా తేవాలి" అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

అప్పటికి ముసలాయన లేరు. బదిలీ మీద వచ్చిన కొత్త పెద్ద సారు ఉండేవారు. ఆయన కుర్చీలో కూర్చుని పళ్ళెం చూడగా నేను చూడలేదు. నిలబడి, ఒక చేత్తో ఫోను మాట్లాడుతూ, రెండో చేత్తో పళ్ళెం వెలుతురుకి పట్టేవారు. కనకాంబరం వేళ్ళ ముక్కలు పెట్టిన పళ్ళేల్లో లేత గులాబీ రంగు దూదిలాంటి బూజొచ్చింది. మైక్రోస్కోపు కింద నెలవంకల్లాంటి గింజలు. ఫ్యుజేరియం. ఎండు తెగులు అని రాసేశారు, మందు పేరు రాశారు.

కాంట్రాక్టు మీద చేరిన ఒక మేడం గారుండేవారు, తుని వైపు అమ్మాయి. నెమ్మదిగా మాట్లాడేది, చూపు మాత్రం చురుకు. "సార్, ఒకసారి మంచి మొక్కకి ఎక్కించి చూద్దామా" అంది. పళ్ళెంలో దొరికిన బూజుని ఆరోగ్యంగా ఉన్న మొక్కకి ఎక్కించి, అదే జబ్బు వస్తేనే అది దోషి. లేకపోతే కాదు. ముసలి సారు అది చెయ్యకుండా సంతకం పెట్టేవారు కాదు. నాకు చెప్పేవారు కూడాను: "శవం దగ్గర దొరికినవాళ్ళంతా హంతకులు కాదయ్యా, ఈగలూ ఉంటాయి." చచ్చిన వేరు మీద ఫ్యుజేరియం ఈగలాగే వాలుతుంది.

కొత్త సారు, "కనకాంబరం వాడిందంటే ఫ్యుజేరియమేనమ్మా. పుస్తకంలో ఉన్నదానికి మళ్ళీ మొక్కకి ఎక్కించడం ఎందుకు, నెల దండగ" అన్నారు.

కనకాంబరాల ఆవిడ మందు పోసింది. ఇంకా ఎక్కువ మొక్కలు పడిపోయాయి. మళ్ళీ వచ్చింది, మళ్ళీ కుళాయి దగ్గర కడిగింది, మళ్ళీ అదే గులాబీ బూజు.

"మందు సరిగ్గా కలపలేదు. ఆడవాళ్ళు గుప్పెటతో కొలిచి పోస్తారు, తర్వాత మందు పనిచెయ్యలేదంటారు" అన్నారు సారు.

"గుప్పెటతో కాదండి" అంది ఆవిడ. "మా ఊరి కంసాలి దగ్గర బంగారం తూచే కాటా మీద తూపించి, పొట్లాలు కట్టించుకున్నానండి. డ్రమ్ముకో పొట్లం."

ఆ మాట వినగానే మేడం గారు తలెత్తి చూసింది. పురుగుమందుని కంసాలి కాటా మీద తూచినవాళ్ళని మీరు ఎక్కడన్నా చూశారా? నేను చూడలేదు. సారుకి అది నవ్వులాటయింది.

"కాటా సంగతి సరే. మరి నీళ్ళు కూడా కంసాలే కొలిచాడా?"

సారు కాయితం మీద రాశారు: మందు మోతాదు సక్రమంగా పాటించనందున తెగులు అదుపులోకి రాలేదు. ముద్ర నేనే వేశాను.

మూడోసారి వచ్చేసరికి చేలో సగం పోయింది. ఈసారి సారు రాసిందేంటంటే, ఈ బూజు కాండం లోపల కూడా ఉంటుంది కాబట్టి కొమ్మలు ఎవరికీ ఇవ్వరాదు, మొక్కలన్నీ, పచ్చగా ఉన్నవాటితో సహా, పీకి తగలబెట్టవలెను. ఆ కాయితం సాయంత్రానికల్లా నర్సరీలవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఉంది. ఎవరు పెట్టారో నాకు తెలియదు. కొమ్మల కోసం ఆవిడ గుమ్మం ముందు ఆగే ఆటోలు మర్నాటి నుంచి ఆగలేదు.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో నా దగ్గర నిలబడింది. "పచ్చగా ఉన్నవి కూడా పీకెయ్యాలా బాబూ? పీకేస్తే మళ్ళీ ఈ రకం నాకు ఎవరిస్తారండి?"

"సారు చెప్పారు కదమ్మా" అన్నాను.

ముప్పై ఏళ్ళు పైబడి పనిచేశాను. ఎన్నో పిచ్చి మాటలు మాట్లాడి ఉంటాను. వాటిల్లో అంత నీచమైన మాట ఇంకోటి లేదు. సారు చెప్పారు కదమ్మా. తప్పు సారు మీదకీ, బాధ ఆవిడ మీదకీ తోసేసి, మనం మధ్యలో నీట్‌గా నిలబడటానికి పనికొచ్చే మాట అది. మీ ఆఫీసుల్లో కూడా ఉంటుంది. వెతకండి.

ఆ శనివారమే సారు నన్ను పిలిచి, వచ్చే నెల పైనుంచి అధికారులు చూడ్డానికి వస్తున్నారు, గేటు పక్క మడిలో బంతి మొక్కలు వాడిపోయాయి, తీసేసి కొత్తవి తెచ్చి పెట్టు అన్నారు. వెళ్ళి చూశాను. కుళాయి కాలవ మడిలోకి దిగే చోటు నుంచి వరసగా ఎనిమిది మొక్కలు తలలు వాల్చేశాయి. ఆ పక్కన దూరంగా ఉన్నవి నిక్షేపంగా ఉన్నాయి. ఒకటి పట్టుకుని లాగాను. మొదలు పుటుక్కున తెగి చేతికొచ్చింది. తెగిన చోట, మట్టికి ఆనుకుని, పట్టుదారాల్లాంటి తెల్ల పోగులు. వాటి మధ్యన ఆవాలు. కొన్ని తెల్లగా, కొన్ని గోధుమరంగులో, గుండ్రంగా, పోపులో వేసుకునే ఆవాల్లాగే.

నాకు వాటిని తెలుసు. ముసలి సారు గాజు గొట్టంలో పోసి చూపించేవారు. "ఇంటికి పట్టుకెళ్ళి పోపులో వేసేవు జాగ్రత్త. దీని పేరు స్క్లెరోషియం. మట్టిలో ఉంటుంది, మొక్కని మొదట్లో పట్టుకుని మెడ నొక్కేస్తుంది." ఆ గొట్టం మీద చీటీ నా చేతే రాయించారు. ఆ పేరు రాయడానికి నాకు ఒక పూట పట్టింది కాబట్టి మరిచిపోలేదు.

ఆ మడిలో ఎన్నేళ్ళుగానో పూలు వేస్తున్నాను. ఈ జబ్బు ఎప్పుడూ లేదు. ఎక్కడి నుంచి వచ్చిందా అని కాలవ వెంబడే చూసుకుంటూ వెనక్కి వెళ్ళాను. కాలవ కుళాయి దగ్గర మొదలవుతుంది. కుళాయి మీద నా బోర్డు ఉంది. ఈ వానాకాలం ఇక్కడ మూడుసార్లు నిలబడి వేళ్ళు రుద్ది కడిగింది ఎవరు? అనుమానం తొలిచిందిగాని, అప్పటికీ మనసు ఒప్పుకోలేదు.

మర్నాడు ఆదివారం పొద్దున్నే మోపెడ్ మీద ఆవిడ చేలోకి వెళ్ళాను. ఆవిడా, కోడలూ వంగి మొక్కలు పీకుతున్నారు. గట్టు మీద పీకిన మొక్కల కుప్ప. పక్కన కిరసనాయిలు సీసా. చేలో పచ్చగా ఇంకా మూడోవంతు ఉంది.

నేను పలకరించకుండానే వంగి, కుప్ప మీద నుంచి ఒక మొక్క తీసి, మొదలు దగ్గర మట్టి గోటితో గీరాను. తెల్ల పోగులు. ఆవాలు.

"ఇవెప్పుడూ చూడలేదామ్మా?"

"చూడకేంటండి. పడిపోయిన ప్రతి మొక్క మొదట్లోనూ ఉన్నాయి."

"మరి చెప్పలేదేంటి?"

"ఎవరన్నా అడిగితే కదండీ చెప్పడానికి" అంది. "తెచ్చి చూపిద్దామంటే మీరు మట్టితో రావద్దన్నారు. మా కోడలు గుమ్మం దగ్గర బోర్డు చదివి చెప్పింది. పెద్దవాళ్ళ దగ్గరికి మురికితో వెళ్తామేంటని మూడుసార్లూ ఒక్క రేణువు లేకుండా కడిగానండి."

"ఆయ్, అక్షరాలు ఇంతింత ఉన్నాయండి" అంది కోడలు అరచెయ్యి చూపిస్తూ. "ఎవరు రాశారో గాని కళ్ళజోడు లేకపోయినా కనపడతాయి."

ఎవరు రాశారో చెప్పడానికి నాకు అప్పుడు నోరు రాలేదు. జబ్బుని మట్టితో పాటు కాలవలోకి పంపించేసి, ఒట్టి వేళ్ళు సారుకి ఇచ్చాం. ఆ ఒట్టి వేళ్ళ మీద వాలిన ఈగకి సారు హంతకుడని పేరు పెట్టారు. తప్పు ఆయనదీ నాదీ చెరిసగం.

"నిప్పు పెట్టకండి" అన్నాను.

ఆవిడ నడుము నిలబెట్టి నన్ను చూసింది. "సారు చెప్పమన్నారా?"

"లేదమ్మా. నేను చెబుతున్నాను."

"మీరు అటెండరుగారు కదండీ."

"అటెండర్నే."

వెక్కిరింపు కాదు అది. మూడుసార్లు ల్యాబు మాట విని సగం చేను పోగొట్టుకున్న మనిషి, నాలుగోసారి ల్యాబు బంట్రోతు మాట ఎందుకు వినాలి? నాకు తెలిసింది చెప్పాను. ఇది మట్టిలో ఉండే బూజు. మొదలు పట్టుకుంటుంది. కాండం లోపల పైకి ఎక్కదు. కాబట్టి జానెడు పైన కొమ్మ శుభ్రంగా ఉంటుంది. కాయితంలో రాసిన బూజైతే కొమ్మ కూడా రోగమే, ఇదైతే కొమ్మ నిక్షేపం. ఆ పోసిన మందు దీని మీద పనిచెయ్యదు. మీరు కొలిచింది తప్పు కాదు.

ఆ చివరి మాటకి ఆవిడ మొహం చూడలేకపోయాను. ఆవిడ చేతుల మట్టి దులుపుకుని, "కత్తెర తేవే" అంది కోడలితో.

ముగ్గురం మధ్యాహ్నం దాకా పచ్చగా ఉన్న మొక్కల కొసలు కత్తిరించాం. వాళ్ళ ఇంటి వెనక గోదారి ఇసుక పోసి ఉంది. దాన్ని నాలుగు నీళ్ళు పోసి కడిగి, కుండీల్లో నింపి నాటాం. కోడలు అలవాటుగా కొమ్మలు కూడా కడగబోతే, "కడగాల్సింది ఇసుకనమ్మా" అని కసిరాను. ఎవరిని కసిరానో నాకు తెలుసు.

ఒక మొక్కని పారతో గడ్డతో సహా లేపి, బియ్యం సంచిలో పెట్టుకుని, సోమవారం నా బోర్డు కిందుగా లోపలికి పట్టుకెళ్ళాను. తుడిచిన నేల మీద మట్టి రాలింది. రాలనిచ్చాను.

సారు అన్నవరం వ్రతానికి వెళ్ళి రెండు రోజులు రాలేదు. మేడం గారు సంచి విప్పి, ఆ మొదలు చూసి, కుర్చీలో కూలబడింది. "మూడుసార్లు వచ్చారు కదండీ ఆవిడ. ఒక్కసారి మట్టితో తెచ్చినా..." అంది. అని నా మొహం చూసి ఆపేసింది. ఆవిడకి బోర్డు ఎవరిదో తెలుసు.

ఆ తర్వాత జరగాల్సినట్టే జరిగింది. కుళ్ళిన చోటుకీ బాగున్న చోటుకీ మధ్య అంచు కోసి పళ్ళెంలో పెట్టింది. మూడో రోజుకి తెల్ల విసనకర్రలా పళ్ళెమంతా పరుచుకుంది. రెండు వారాలు తిరక్కుండా ఆవాలు కట్టింది. ఈలోగా మూడు కుండీల్లో మంచి కనకాంబరం మొక్కలు పెట్టింది. ఒకదాని మొదట్లో ఈ తెల్లది వేసింది, రెండోదానికి సారు చెప్పిన ఫ్యుజేరియం, మూడోదానికి ఏమీ లేదు. నీళ్ళు పొయ్యడం నా వంతు. తెల్లది వేసిన మొక్క వారం తిరిగేసరికి పడిపోయింది. మూడోది అలాగే నిలబడింది. ఫ్యుజేరియం వేసినది పువ్వు పూసింది.

పూసిన కుండీని మేడం గారు సారు బల్ల మీద పెట్టింది. నేను టీ కప్పులు తీసే నెపంతో అక్కడే ఉన్నాను.

"ఏంటిది? నా రిపోర్టు తప్పని రాస్తావా?" అన్నారు సారు. గొంతు పెంచలేదు. "వచ్చే నెల నీ కాంట్రాక్టు రెన్యువల్ ఉన్నట్టుంది."

"సార్, ఆవిడ చేను..."

"ఆ మట్టి దారిలో ఎక్కడిదో అంటుకుని ఉంటుంది. అటెండరు బియ్యం సంచిలో తెచ్చినదాన్ని నమూనా అంటారా?"

నేను కప్పులు కింద పెట్టాను. "ఒక్కసారి బయటికి రండి సార్" అన్నాను. అన్నేళ్ళలో ఒక అధికారిని నేను రమ్మని పిలవడం అదే మొదలు. ఎందుకో వచ్చారు. కుళాయి చూపించాను, కాలవ చూపించాను, బంతి మడి చూపించాను. తీసెయ్యమన్నవి నేను కదపలేదు, అప్పటికి పన్నెండు మొక్కలు పడి ఉన్నాయి. ఒకటి పీకి ఆయన చేతిలో పెట్టాను, ఆవాలతో సహా. "ఇది దారిలో అంటుకున్నది కాదండి. మన గుమ్మంలో మొలిచింది. ఆవిడ మూడుసార్లు తెచ్చింది, మనం మూడుసార్లు ఇక్కడ పారబోయించాం."

ఆయన చాలాసేపు ఆ మొదలు చూశారు. మనిషికి చదువు ఉంది, నేను కాదనను. ఆయనకి అర్థమైందని కళ్ళల్లో తెలిసిపోయింది. అర్థం కాకపోయి ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

జేబురుమాలుతో చేతులు తుడుచుకుని, "పైవాళ్ళు వచ్చేలోపల ఈ మడి తవ్వించి సిమెంటు చేయించెయ్యి" అన్నారు.

ఆవిడకి కొత్త కాయితం ఇచ్చారు. తదుపరి నమూనాలో మరొక తెగులు కూడా గమనించడమైనది అని. కూడా. ఆ ఒక్క మాటతో పాతది అలాగే నిలబడింది. మోతాదు పాటించలేదన్న వాక్యం అలాగే ఉంది. కొమ్మలు ఇవ్వరాదన్నది మాత్రం, మేడం గారు పట్టుబట్టి కొట్టేయించింది. నెల తిరిగాక మేడం గారి కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం రాయలేదు. వెళ్ళేరోజు ఆ కనకాంబరం కుండీని ఒళ్ళో పెట్టుకుని తుని బస్సెక్కింది.

బోర్డు నేనే దించాను. మేకులు తుప్పు పట్టి, చెక్క కొస విరిగింది. తగలబెడదామనుకున్నాను, చెయ్యి రాలేదు. నేను రాసిన మొదటి అక్షరాలు. జనరేటరు షెడ్డు వెనక పడేశాను. అదీ నా తప్పుల్లోనే కలపండి.

తర్వాత కనకాంబరాల ఆవిడ దగ్గరికి వెళ్ళి, ఆ బోర్డు రాసింది నేనేనమ్మా అని చెప్పాను. ఇసుకలో పెట్టిన కొమ్మలు అప్పటికి వేళ్ళు తొడిగాయి. ఆవిడ ఒక్కొక్కటీ కొత్త మట్టి నింపిన సంచుల్లోకి మారుస్తోంది. చేతిలో పని ఆపలేదు.

"మీరా" అంది. ఇంకో రెండు మొక్కలు మార్చాక, "మీరు నేల కోసం రాసుకున్నారు. నేను మర్యాద కోసం కడిగాను. ఆ కుర్చీలో కూర్చున్నాయన, చేలో ఏం చూశావమ్మా అని ఒక్కసారి అడిగితే అయిపోయేది కదండీ" అంది.

కోపం లేకుండా అంది. ఆవిడకి లేని కోపం నాకు అంటించి పంపినట్టుంది. కొమ్మల కోసం మళ్ళీ ఆటోలు రావడానికి రెండేళ్ళు పట్టింది. నాకు రెండు మొక్కలిచ్చింది. మా పెరట్లో ఉన్నాయి.

పోయిన నెల వాటిల్లో ఒకటి తల వాల్చింది. నాకు చూడగానే తెలిసిందిగాని, తెలిసిందని ఊరుకోవడమే కదా సారు చేసింది. గడ్డతో సహా తవ్వి, సంచిలో వేసుకుని ల్యాబుకి వెళ్ళాను. బిల్డింగు మారింది, టైల్సు వేశారు. కౌంటర్లో కొత్తగా చేరిన అమ్మాయి, ముఖం చూస్తే మంచి పిల్ల.

"పెద్దాయనగారూ, మట్టి ఉందండి. బయట కుళాయి దగ్గర కడిగి తెస్తారా?"

తలుపు పక్కన నిలువెత్తు ఫ్లెక్సు ఉంది. నీలం అక్షరాలు. మట్టితో లోపలికి రావద్దు. కాళ్ళు, మొక్కలు కడిగి తేవలెను.

"ఇది ఎవరు రాశారమ్మా?"

"ఎవరో పాత అటెండరుగారంటండి. షెడ్డు వెనక బోర్డు దొరికితే, బాగుందని సారు ఫ్లెక్సు కొట్టించారు."

ముప్పై ఏళ్ళకి పైగా ఆ ల్యాబులో పనిచేశాను. ముసలి సారు చెప్పినవి ఎవరూ దాచుకోలేదు. మేడం గారి మూడు కుండీల సంగతి ఏ ఫైల్లోనూ లేదు. కంసాలి కాటా మీద మందు తూచిన మనిషి మీద రాసిన అబద్ధం మాత్రం ఫైల్లో భద్రంగా ఉంది. నాది అంటూ వాళ్ళు దాచుకుంది ఇదీ.

కౌంటరు మీద న్యూస్ పేపరు పరిచి, సంచి బోర్లించాను. గడ్డ విరిగి టైల్సు మీదకి మట్టి జారింది. ఆ అమ్మాయి అయ్యో అంటూ లేచింది.

"ఆ అటెండర్ని నేనే. నేను రాసింది తప్పు. ఇటు వచ్చి మొదలు చూడు."

వంగి చూసింది. "ఇవేంటండి, ఆవాలు పడ్డాయా?"

"చేత్తో తీసి చూడు."

ఒకటి గోటి మీదకి తీసుకుని, దీపం వైపు తిప్పి, చాలాసేపు చూసింది. ఫోను చూస్తూ కాదు, నిలబడీ కాదు. స్టూలు లాక్కుని కూర్చుని చూసింది. తర్వాత అలవాటు కొద్దీ, "కొంచెం కడిగి చూస్తే ఇంకా బాగా కనపడుతుందేమోనండి" అంది.

"కడిగావంటే చెయ్యి విరగ్గొడతాను" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. నేను నవ్వలేదు.